డాక్టరుగారు చెప్పిన మాట, నేను చెప్పిన మాట

ఈ మాటని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. పరుగెత్తుతున్నంతసేపూ దాని బరువు తెలిసేది కాదు. ఆగి నిలబడితే తెలిసేది. అందుకేనేమో నేను ఆగలేదు. ఇప్పుడు మోకాలికి ఆపరేషనై ఇంట్లో కూర్చున్నాను. తప్పించుకుని పోవడానికి కాలు లేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. ఆ మాత్రం చాటు ఉంటేనే చెప్పగలను.

మాది ఏలూరు. వట్లూరు దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, తాడేపల్లిగూడెంలో స్కూలు టీచరు. ముందు పరుగు మొదలుపెట్టింది వదినే. వాళ్ళింట్లో అందరికీ షుగరుంది. తనకీ వస్తుందేమోనన్న భయంతో నడక మొదలుపెట్టి, నడక విసుగనిపించి పరుగులోకి దిగింది. తర్వాత నన్నూ లాగింది. ఆదివారం తెల్లవారగానే వదిన ఏలూరులో రైలు దిగేది. స్కూటీ మీద ఇద్దరం కొల్లేరు వైపు వెళ్ళి, చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళం. పక్కన చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు, మేత వాసన, ఐసునీళ్ళు కార్చుకుంటూ ఆకివీడు వైపు పోయే లారీలు. చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు మమ్మల్ని చూసి, "ఏవండీ, బస్సు ఇటు రాదండీ, ఎందుకండీ అంత తొందర!" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఇంట్లో ఏ తలుపు చప్పుడైనా, ఏ వస్తువు కనిపించకపోయినా నన్నే పిలుస్తారు. గట్టు మీద ఉన్నంతసేపూ నన్ను ఎవరూ పిలిచేవారు కాదు. అదే నాకు కావలసింది. కాని దానికో షరతు ఉండేది. "వదిన తోడుంటే వెళ్ళమ్మా, ఒక్కదానివే ఆ గట్ల మీద ఏంటి?" అన్నారు మా అత్తయ్య. మావారిదీ అదే మాట. అంటే నా పరుగు వదిన కాళ్ళ మీద ఆధారపడి ఉంది.

విజయవాడలో ఇరవయ్యొక్క కిలోమీటర్ల పోటీకి ఇద్దరం పేర్లిచ్చాం. నెలల తరబడి తయారయ్యాం. తీరా పోటీ దగ్గర పడ్డాక వదిన కుడి మోకాలు వాచింది. మా కాలేజీలో చదివే ఒకమ్మాయి తండ్రి ఏలూరులో ఎముకల డాక్టరు. నేనే తీసుకెళ్ళాను. ఆయన స్కానింగు చేయించి, చూసి సాయంత్రం ఫోను చేస్తానన్నారు. వదిన రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన దగ్గర ఉన్నది నా నంబరే.

మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఫోను వచ్చింది. మోకాలి లోపల రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర కొంచెం చిరిగిందన్నారు. ఇప్పుడు విశ్రాంతి ఇస్తే కుదురుకోవచ్చు, మూడు నెలలు పరుగన్న మాటే ఎత్తొద్దు, ఈ కాలితో అంత దూరం పరుగెడితే మొత్తం చిరిగిపోయే ప్రమాదం ఉంది, ఒకసారి ఆవిడను తీసుకురండి అన్నారు. ఏ మాటా నమలకుండా, నిదానంగా చెప్పారు. "అలాగేనండీ" అన్నాను.

వెంటనే వదినకు ఫోను చేశాను. నిజమే చెబుదామని చేశాను. ఇది మీరు నమ్ముతారా? నేనే పూర్తిగా నమ్మలేకపోతున్నాను. "ఏమన్నారు?" అని వదిన అడిగేసరికి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కంగారు పడాల్సిందేం లేదన్నారు వదినా. చిన్న బెణుకేనంట. బెల్టు వేసుకుని పరుగెత్తొచ్చన్నారు."

"హమ్మయ్య! నేను రాకపోతే నిన్నొక్కదాన్నీ పంపరు కదా అని అదే బెంగగా ఉంది నాకు" అంది వదిన.

ఆ క్షణంలో కూడా దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. అది అబద్ధమని కూడా అనుకోలేదు నేను. కొద్దిరోజులు వాయిదా వేస్తున్నానంతే అనుకున్నాను. పోటీ అవ్వగానే చెప్పేద్దాం, అప్పుడు కావలసినన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది, డాక్టర్లు భయపెట్టడం మామూలే కదా, ఇంత చిన్న చిరుగు ఒక్క పరుగుతో ఏమైపోతుంది అని నాకు నేను చెప్పుకున్న మాటలు ఒక్కొక్కటీ ఈనాటికీ గుర్తున్నాయి. లెక్కలు చెప్పేదాన్ని కదా, జవాబు ముందే రాసేసుకుని దానికి తగ్గట్టు మెట్లు కట్టుకోవడం నాకు బాగానే చేతనయింది.

పోటీలో సగం దూరం దాకా కలిసే వెళ్ళాం. తర్వాత వదిన వెనకబడింది. "నువ్వు పో" అని చెయ్యి ఊపింది. పోయాను. వెనక్కి తిరిగి చూశానా? లేదు. ముగింపు దగ్గర మెడలో పతకం వేసుకుని నిలబడి ఉంటే, వదినను వ్యానులో తీసుకొచ్చారు. మోకాలు పట్టేసి, వంగక, చాపడానికి రాక, రోడ్డు పక్కన కూర్చుండిపోయిందట.

విజయవాడలోనే ఆపరేషను చేశారు. అక్కడి డాక్టరు పాత స్కాను చూసి, "ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఎలా పరుగెత్తారమ్మా?" అని అడిగాడు. "పరుగెత్తొచ్చన్నారండీ మా ఏలూరు డాక్టరుగారు" అంది వదిన. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. వదిన కాలు విరగ్గొట్టింది ఫోనులో నేనన్న మాట అయితే, ఇక్కడ నేను అనకుండా మింగిన మాట ఇంకొక మనిషి పేరు చెడగొట్టింది. రెండిట్లో ఏది పెద్ద తప్పు? ఎన్నిసార్లు తూచినా తేల్చుకోలేకపోయాను.

చిరిగిన పొర చాలావరకు తీసెయ్యాల్సి వచ్చింది. వదిన మళ్ళీ పరుగెత్తలేదు. పూజకు కూడా కుర్చీ మీదే కూర్చుంటుంది, వానాకాలం వస్తే కాలు ఈడ్చి నడుస్తుంది. ఎవరు అడిగినా ఏలూరు డాక్టరుగారి పేరు చెప్పి, "ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకండి" అనేది. నేను మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాను. ఈలోగా ఏలూరులో ఇంకొందరు ఆడవాళ్ళు పరుగులోకి వచ్చారు, నేను వెళ్ళడం మా అత్తయ్యకూ అలవాటైపోయింది. ప్రతి పోటీ తర్వాతా వదినే ముందు ఫోను చేసేది. ఎలా పరుగెత్తానో అడిగి, తనే గెలిచినట్టు మురిసిపోయేది. ఆ మురిపెం వినలేక త్వరగా పెట్టేసేదాన్ని. నేను అలసిపోయానేమో అనుకునేది.

ఈ ఏడాది నా వంతు వచ్చింది. గట్టు మీద లారీకి దారివ్వబోయి పక్కకు అడుగేశాను. మోకాలు మెలిపడి లోపల ఏదో పుటుక్కుమంది. లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను చేసినా, మళ్ళీ పరుగెత్తాలంటే ఏడాది దాకా పట్టొచ్చని, అదీ మాట వింటేనే అని డాక్టరు చెప్పాడు. పరుగు పోతుందన్న ఆ భయంలో ఉండగా తట్టింది: ఇదే భయం వదినకూ ఉండి ఉంటుంది, దాన్ని తను నాకు చూపించలేదంతే.

వదిన స్కూలుకు సెలవు పెట్టి మా ఇంటికొచ్చింది. తొడ కండ ఎలా బిగించాలో, ఐసు ఎంతసేపు పెట్టాలో, మెట్లెక్కేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలో దగ్గరుండి నేర్పింది. నేను ఏడిస్తే ఏడవనిచ్చి, మళ్ళీ కాలెత్తించేది. ఒక మధ్యాహ్నం వరండాలో నా మోకాలి మీద ఐసు పెడుతూ, "నీకు సరిగ్గా చెప్పే డాక్టరు దొరికాడు, అదృష్టమే. నాకా అదృష్టం లేకపోయింది" అంది. ఏ నిష్ఠూరమూ లేకుండా అంది.

"నీకూ సరిగ్గానే చెప్పారు వదినా" అన్నాను. "నాతో చెప్పారు. పరుగెత్తొద్దన్నారు. నేనే నీకు మార్చి చెప్పాను."

వదిన ఐసు సంచి ఎత్తి పట్టుకుంది. "ఎందుకు?" అంది.

"నువ్వు రాకపోతే నన్ను పంపరని."

"ఆయన వద్దన్నారని చెప్పినా నీతో వచ్చేదాన్నిగా. నేను పరుగెత్తకపోతేనేం? రోడ్డు పక్కన కుర్చీ వేసుక్కూర్చునేదాన్ని."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకా దారి తట్టలేదు. వదిన ఐసు సంచి గిన్నెలో పెట్టి, నా మోకాలు తువ్వాలుతో తుడిచింది. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "పాపం ఆ డాక్టరుగారు. ఆయన్ని ఎంతమంది దగ్గర తిట్టానో" అంది. అంతే. ఆ సాయంత్రం వంట చేసింది, అందరికీ వడ్డించింది. మర్నాడు అన్నయ్యను రమ్మని, కారెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. వెళ్తూ నావైపు చూడలేదు. కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగింది, నేను చూస్తూ ఉండిపోయాను.

కర్ర పట్టుకుని నడవడం రాగానే ఆటోలో ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. గుర్తుపట్టారు. అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ వదినగారు నా గురించి అంటున్న మాటలు నాదాకా వచ్చాయండీ. ఫోనులో నేనే సరిగ్గా చెప్పలేదేమో, మీకు అర్థమయ్యేలా చెప్పాల్సిందేమో అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అప్పట్నుంచి పేషెంటు ఎదురుగా ఉంటే తప్ప ఏదీ చెప్పడం లేదు."

తిట్టలేదు. ఫర్వాలేదనీ అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని తర్వాతి పేషెంటును పిలిచారు. నా తప్పును ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆయనా మోశారు, తనదేనేమో అనుకుని.

ఇంటికొచ్చి వదినకు ఫోను చేశాను. తీసింది. డాక్టరుగారికి చెప్పేశానన్నాను. "సరే" అంది. "నేనూ వెళ్ళి ఆయనకి చెప్పుకోవాలి." నన్ను కూడా రమ్మంటావా అని అడిగాను. "వద్దు" అని పెట్టేసింది. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. అన్నయ్య ఫోను చేసినప్పుడు నా మోకాలి గురించి అడుగుతాడు, వదిన గురించి నేను అడగను.

తేలికైందా అంటే, అయింది. ఇలా తేలికపడడానికి నాకు హక్కుందా అంటే, తెలియదు. రోజూ గోడ పట్టుకుని కాలు వంచుతున్నాను, నొప్పి దగ్గర ఆగుతున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, అది మీరివ్వగలిగేది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క మాటా మార్చలేదు.