మాఘం దాకా ఆగిన దంతాలు

మొన్న శాన్ రామన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా ఎదురింటి తెలుగు అమ్మాయి, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన దంతపు కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఐదు నిమిషాల్లో తీసేశారట, ఎందుకు అంకుల్ అని అడిగింది. ఈ రాష్ట్రంలో ఇప్పుడు దంతం అమ్మనివ్వరమ్మా, దాని వయసెంతైనా దాదాపు అంతే, ఇంట్లో ఉంచుకుని వాడుకో అని చెప్పి పంపాను. పంపాక నాకే నవ్వొచ్చింది. ఒకప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగింది కొంతవరకు ఏనుగు దంతాల పుణ్యానే.

డెబ్భైల చివర మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద షికాగో వస్తే, ఆమె వీసా కొంగు పట్టుకుని నేనూ వచ్చాను. మా తెలుగు చర్చిలో నాలాంటి మగవాళ్ళు ఇంకొందరుండేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో నిలబడి, ఉద్యోగాల ఊసు ఎత్తకుండా మంచు గురించి మాట్లాడుకునేవాళ్ళం. గుంటూరులో చదివిన చరిత్ర ఎం.ఏ. ఇక్కడ ఎవరికీ పనికిరాలేదు. చివరికి షామ్‌బర్గ్ దగ్గర పాత వస్తువులకు వెలకట్టి వేలం వేసే దుకాణంలో పని దొరికింది. దాని యజమాని ముసలి అమెరికన్, నేను పెద్దాయన అనేవాణ్ణి. ఇండియావాణ్ణి కాబట్టి ఏనుగుల సంగతి నాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఏనుగును చూసింది సర్కస్‌లో, అదీ వెనక బల్లల మీంచి. ఆ ముక్క ఉద్యోగం ఖాయమయ్యేదాకా నోటినుంచి జారనివ్వలేదు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు మనవాళ్ళు. ఆ వెయ్యి ఎలా లెక్కకట్టాలో నాకు నేర్పింది ఆ పెద్దాయనే. ముందు తూకం, తరువాత దంతం వంపు వెంబడి టేపుతో పొడవు, మొదలు దగ్గర చుట్టుకొలత, లోపలి బోలు ఎంత లోతు ఉందో చూడడానికి సన్నటి కడ్డీ. బీటలున్నాయా, ఎండకు పాలిపోయిందా, దశాబ్దాల చేతి స్పర్శతో తేనె రంగు తిరిగిందా అని కిటికీ పక్కన పెట్టి చూసేవాళ్ళం. తెగిన చివర భూతద్దం కింద పెడితే, జల్లెడ అల్లినట్టు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనబడాలి. అవి లేకపోతే అది ఎముకో, ప్లాస్టిక్కో. ఇవన్నీ చేతికి వచ్చే విద్యలే. అసలు కష్టమంతా చట్టంతో వచ్చేది. మన ఆసియా ఏనుగు దంతాన్ని రాష్ట్రం దాటించి అమ్మాలంటే దానికి వందేళ్ళు నిండాయని ఆధారం చూపించాలి. పెద్దాయన ఆ విషయంలో మహా చాదస్తుడు. ఉండే ఉంటుంది అన్న మాట ఆయన దగ్గర చెల్లేది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు శరత్కాలంలో ఒక ముసలి దొరసాని జత దంతాలు తెచ్చింది. నడవడానికి కర్ర ఊతం, మొహం నిండా ముడతలు. నన్ను చూసి మనది ఏ ఊరు బాబూ అని గోదావరి యాసలో అడిగేసరికి నేను కొయ్యబారిపోయాను. వాళ్ళ తాత మిషన్ డాక్టరుగా మన దేశం వెళ్ళి, గోదావరి పక్కన ఆసుపత్రి కట్టించాడట. ఈవిడ అక్కడే పుట్టి, ఆయాల చేతుల్లో తెలుగు నేర్చింది. మాటలన్నీ వచ్చు, చదవడం మాత్రం రాదు. ఆ ఊరి జమీందారు భార్యకు కాన్పు కష్టమైతే తాతగారు తల్లినీ బిడ్డనూ బతికించారని, ఆ కృతజ్ఞతకు ఈ దంతాలు ఇచ్చారని చెప్పింది. ఆ ఆసుపత్రిలో కాన్పుల గది కప్పు కురుస్తోందని అక్కడి నర్సమ్మలు చెప్పారట. దంతాలు అమ్మిన డబ్బుతో అది బాగుచేయించాలి, తను కళ్ళు మూసేలోపు. పిల్లలు లేరు, ఒక్క మేనల్లుడు ఉన్నాడు గానీ వాడికి ఆ ఊరు పటంలో కూడా తెలియదు.

దంతాల మొదళ్ళకు ఇత్తడి పొన్నులు, ఉంగరాల్లాంటి తొడుగులు, వాటిమీద చెక్కిన తెలుగు అక్షరాలు. నల్ల చెక్క పీట మీద బిగించి ఉన్నందువల్ల పై వరుసే కనబడుతోంది, తారణ నామ సంవత్సరం అని. క్రైస్తవుల ఇంట పుట్టిన నాకు ఆ సంవత్సరాల పేర్లు ఎన్నడూ నోటికి రాలేదు. మా పక్క వీధి బ్రాహ్మలావిడకు ఫోన్ చేశాను. ఆవిడ ప్రభవ, విభవ అంటూ వేళ్ళు మడిచి, తారణ అంటే సరిగ్గా పద్దెనిమిది వందల ఎనభై నాలుగు అండీ అంది. అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది గానీ, అంతకు ముందు తారణకు తాతగారు పుట్టనేలేదు, తరువాతి తారణకు ఆయన బతికిలేరు. వందేళ్ళు నిండాయి. పెద్దాయన సంబరపడి తూర్పు తీరాన ఒక కొనుగోలుదారుకు కబురు పెట్టాడు. అతను క్రిస్మస్ లోపు కావాలన్నాడు, మంచి ధర కూడా చెప్పాడు.

ఆ వారంలోనే తూకానికని దంతాలను పీట మీంచి ఊడదీశాం. పొన్ను అంచున రెండో వరుస బయటపడింది, మాఘ మాసం అని. మళ్ళీ ఆ బ్రాహ్మలావిడకు ఫోన్ చేస్తే, వంటపనిలో ఉందేమో, తాపీగా చెప్పింది.

"మాఘమంటే పుష్యం వెళ్ళాక కదండీ. మీ లెక్కలో జనవరి ఆఖరు. అప్పటికి మీ ఇంగ్లీషు ఏడాది మారిపోయుంటుందిగా అన్నయ్యగారూ, ఎనభై అయిదవుతుంది."

తెలుగు ఏడాది ఉగాదికి మొదలై ఇంగ్లీషు ఏడాది దాటుకుని పోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. అంటే వందేళ్ళు నిండడానికి ఇంకా కొద్ది నెలలు తక్కువ. ఏనుగు చచ్చింది అంతకు ముందే కదా అనొచ్చు, కానీ ఎప్పుడో ఎవరు చెబుతారు? మా దగ్గరున్న ఆధారం ఆ ఇత్తడి ఒక్కటే. షికాగో చుట్టుపక్కల ఆ రెండో వరుస చదవగలిగినవాళ్ళు ఎందరుంటారు? నేను నోరు మూసుకుంటే పీట మీద తిరిగి బిగించేయొచ్చు. ఒక రాత్రి ఆలోచించాను, మా ఆవిడకు కూడా చెప్పలేదు. పొద్దున వెళ్ళి పెద్దాయనకు చెప్పాను. దొరసానికి నువ్వే చెప్పు, ఆవిడ భాషలో చెప్పు అన్నాడు.

చెప్పాను. ఆవిడ దంతం మీద చెయ్యి వేసి నిమిరింది.

"మాఘం దాకా ఆగుదాం బాబూ. అబద్ధం ఆడి కట్టిన కప్పు కింద కాన్పులేంటి?"

కొనేవాడు ఆగలేదు, వేరే జత చూసుకున్నాడు. మాఘం వస్తే ఇంకొకరు దొరకరా అనుకున్నాం. క్రిస్మస్ వెళ్ళిన వారానికి ఆవిడ నిద్రలోనే పోయింది. వీలునామాలో ఆసుపత్రి మాట లేదు. బతికుండగా తన చేత్తో చేద్దామనుకుంది మరి. మేనల్లుడు వచ్చి మర్యాదగా మాట్లాడాడు. మేం ఆసుపత్రి సంగతి చెబితే మర్యాదగానే విన్నాడు. మాఘం వెళ్ళాక చట్టప్రకారం, ఒక్క వంక లేకుండా, మేమే ఆ దంతాలు అమ్మిపెట్టాం. వెల నేనే కట్టాను. డబ్బు మేనల్లుడు పట్టుకెళ్ళాడు.

ఇప్పటి పిల్లలకు ఈ తంటా లేదు. అమ్మకూడదు అంటే కూడదు, అంతే. ఏనుగులకు అదే మంచిది, నేను కాదనను. ఆ రోజుల్లో మేము వందేళ్ళు నిండాయా లేదా అని లెక్క వేసుకున్నామే గానీ, ఆ ఏనుగు ఏ అడవిలో ఎలా పడిపోయిందని ఒక్కనాడూ అడగలేదు. కానీ అప్పుడు సరుకు మంచిదా కాదా అన్నది ఒక మనిషి చెప్పే మాట మీద నిలిచేది, ఆ మాట చెప్పినవాడు దాన్ని బతికినంత కాలం మోసేవాడు. ఆ పొద్దున నేను చెప్పింది తప్పని ఈనాటికీ అనుకోను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. అయినా వాన పడినప్పుడల్లా, ఆ కాన్పుల గది కప్పు ఎవరైనా బాగుచేయించారో లేదో అని నాకు దిగులుగా ఉంటుంది.