ఒంటిగంట మాత్ర

భీమవరం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ప్రిన్సిపాల్‌కూ నాకూ మధ్య రెండేళ్లుగా గుడ్‌మార్నింగ్ తప్ప మాటల్లేవు. అది కూడా నేనే చెబుతాను. ఆయన ఫోన్ చూసుకుంటూ తలాడిస్తాడు.

అప్పట్లో నేను క్లాస్ టీచర్‌గా ఉన్న ఆరో తరగతిలో ఫిట్స్ వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఒంటిగంటకి, మాత్ర వేసుకోవాలి. స్కూలు తెరిచిన వారంలోనే వాళ్లమ్మ మాత్రల స్ట్రిప్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడది రొయ్యల షెడ్డులో పని, మధ్యలో రావడం కుదరదు. మా స్కూల్లో నర్సు ఏనాడూ లేదు. కాగితం మీద ఏదైనా రాయించుకుందామా అని ప్రిన్సిపాల్‌ని అడిగాను.

"ఒక్క మాత్రకి కాగితాలెందుకండి? మీ పిల్లయితే వెయ్యరా?" అన్నాడు.

ఆ మాటతో కాగితం సంగతి వదిలేశాను. నాలుగు నెలలు రోజూ నేనే వేశాను.

దసరా సెలవులయ్యాక ఒకరోజు, ఆ అమ్మాయిని స్కూలుకి తెచ్చే ఆటో డ్రైవరు ఆఫీసులో వేరే స్ట్రిప్ ఇచ్చి వెళ్లాడు. పాపకి మందు మార్చారట, మేడం గారికి ఇవ్వమన్నారట. అంతే చెప్పాడు. రంగు వేరు, పేరు వేరు. పాతది ఆపాలో, రెండూ వెయ్యాలో తెలియదు. అమ్మాయిని అడిగితే, "రాజమండ్రి డాక్టరు గారు మార్చారు మేడం. ఎలా వేసుకోవాలో అమ్మకే తెలుసు" అంది. వాళ్లమ్మకి మూడుసార్లు ఫోన్ చేశాను. షెడ్డు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

రెండు స్ట్రిప్‌లూ తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

"డాక్టరు చీటీ చూడకుండా వెయ్యలేనండి. ఎవరినైనా షెడ్డుకి పంపించి కనుక్కోండి."

"తల్లి పంపిన మందుకి మీ పర్మిషన్ ఏంటండి? మీరు లెక్కల టీచరా, డాక్టరా?"

"డాక్టర్ని కాదు కాబట్టే వెయ్యనంటున్నాను."

"సరే, మీరు క్లాసుకి వెళ్లండి. వేసేవాళ్లు వేస్తారు."

స్ట్రిప్‌లు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. గెలిచానన్న పొగరుతోనే వచ్చాను. ఆ గంట భిన్నాలు చెప్పాను. ఎంత హాయిగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

ఆయన ఆఫీసులో గుమాస్తా అమ్మాయిని పిలిచాడు. ఆమె చేరి రెండు నెలలు కూడా కాలేదు. ఏది వెయ్యాలని అడిగితే రెండూ వెయ్యమన్నాడట. వేసింది.

ఆఖరి పీరియడ్‌లో పిల్లలు పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచారు. అమ్మాయి బెంచీ పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడుతోంది. మాట ముద్దగా వస్తోంది. "రెండు బోర్డులు కనబడుతున్నాయి మేడం" అంది. ప్రిన్సిపాల్ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆ రెండు మందులూ కలిపి వెయ్యకూడదని అక్కడి డాక్టరు చెప్పారు. రాత్రికి అమ్మాయి తేరుకుంది.

వాళ్లమ్మ షెడ్డు నుంచి తడి బట్టలతోనే వచ్చింది. నావైపే చూసింది.

"నాలుగు నెల్లు వేశారు కదండి. ఇయ్యాళ ఏం అడ్డొచ్చింది మీకు?"

నేను నోరు తెరిచేలోపే ప్రిన్సిపాల్ అందుకున్నాడు. "మేడం గారు వెయ్యనని వెళ్లిపోయారండి. పాపం మా ఆఫీసు అమ్మాయి వెయ్యాల్సొచ్చింది."

గుమాస్తా అమ్మాయి గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఆయన ముఖం మీద కొట్టాలనిపించింది. కానీ కోపమంతా ఆ తల్లి మీద చూపించాను.

"పాతది ఆపమని ఎవరికి చెప్పారండి?"

"ఆటో అతనికి చెప్పాను."

"అతను మాకు చెప్పలేదు."

"అయితే నా కూతురు చేసిన తప్పేంటి?"



మర్నాడు ఒక కాగితం రాశాను. డాక్టరు చీటీ నకలు, తల్లి సంతకం లేకుండా మందు తీసుకోకూడదు. మార్పు ఏదైనా డ్రైవరు నోటితో చెల్లదు. డాక్టరు దగ్గర నేర్చుకున్న ఇద్దరే వెయ్యాలి, వేసిన టైము రాసి సంతకం పెట్టాలి. అనుమానం వస్తే మందు ఆపి, తల్లినో డాక్టరునో కనుక్కునేదాకా పిల్లని వదిలి వెళ్లకూడదు. ఆ చివరిది నాకోసం రాసుకున్నాను.

"ఇది స్కూలా, ఆస్పత్రా?" అని ప్రిన్సిపాల్ కాగితం వెనక్కి తోశాడు. దాన్ని షెడ్డు గేటు దగ్గరికి తీసుకెళ్లి వాళ్లమ్మకిచ్చాను. నిలబడే చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాతి రోజు పని మానేసి వచ్చి, ఆయన సంతకం పెట్టేదాకా ఆ గదిలోనే కూర్చుంది. ఆ వారంలోనే ఆయన నా క్లాసు ఇంకొకరికిచ్చి, నాకు ఎండలో గ్రౌండ్ డ్యూటీ వేశాడు.

మందు వేసే ఇద్దరిలో ఒకరిగా పాప వాళ్లమ్మ గుమాస్తా అమ్మాయి పేరు రాయించింది. నా పేరు వద్దంది. ఎందుకని నేనే వెళ్లి అడిగాను.

"ఆ అమ్మాయి తప్పు చేసి ఏడ్చిందండి. మీరు తప్పుకున్నారు."

ఆ మాట అన్యాయమని ఆవిడతో అక్కడే వాదించాను. ఆవిడ వినకుండా వెళ్లిపోయింది. పేరెంట్స్ మీటింగులో ఇప్పటికీ నన్ను దాటుకుని పక్క టీచర్‌తో మాట్లాడుతుంది. నేనూ పలకరించను.