శకటు బంటు

డయాలసిస్ మొదలైనప్పటినుంచీ నేను చదరంగంలో ఓడిపోవడం మానేశాను. ఆట బాగుపడి కాదు. నాకు ఆట నేర్పిన బావ, మా అక్క మొగుడు, జాలిపడి వదిలేస్తున్నాడు. చేతికందిన నా మంత్రిని కూడా చూడనట్టు నటిస్తాడు. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఇంటింటిదీ. అయినా నన్ను చూడగానే అందరి గొంతూ మెత్తబడిపోతుంది. విసిగిపోయాను. పోయేలోగా ఒక్క ఆటైనా నిజంగా గెలవాలని ఉండేది.

కాశీబుగ్గలో కల్యాణమండపంలో పోటీ పెడితే ఇద్దరం పేర్లిచ్చాం. ఆఖరి ఆట మా ఇద్దరికే పడింది. కూర్చోకముందే చెప్పాను.

"బావా, ఈ ఆట వదిలేశావంటే మీ గుమ్మం తొక్కను."

"నానెందుకు వదిలేత్తానురా," అన్నాడు, ఎటో చూస్తూ. నేను నమ్మలేదు.

తెల్లపావులు నావి. ఇంటి దగ్గర అరుగు మీద ఆడేటప్పుడు ఎప్పుడూ మధ్య బంట్లే ముందు తోసేవాళ్లం. ఆ రోజు నడుమ కొట్లాటకి ఓపిక లేక, మంత్రి వైపు శకటు, అదే ఒంటె, ముందున్న బంటుని రెండు గళ్లు జరిపాను.

"మద్దిలోవి నిద్దరోతన్నాయేట్రా," అని గొణిగాడు.

ఆట నత్తనడక నడిచింది. ఫ్యాను గాలికి నాకు కునుకొస్తోంది. పావులు చాలావరకు పోయాక ఆ బంటే అవతలి చివరికి బయల్దేరింది. బావ ఏనుగుతో ఆపొచ్చు. ఆపకుండా తన బంటొకటి తోసుకున్నాడు. మళ్లీ జాలే అనుకుని ఒళ్లు మండింది.

చివరి గడిలో బంటు తీసేసి మంత్రిని పెట్టాను. బావ నవ్వి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏట్రా ఇది. శకటు గడిలోకెళ్తే శకటే అవుద్ది గానీ మంత్రెలాగవుద్ది?"

మా ఊళ్లో ఆట అంతే. బంటు ఏ పావు గడి చేరితే ఆ పావే అవుతుంది. పోటీల్లో అలా కాదని నేను నిబంధనల కాగితంలో చదివాను, బావ చదవలేదు. వచ్చేది శకటే కదా అని లెక్కేసుకుని దాన్ని పోనిచ్చాడు. అంటే జాలి కాదు, పొరపాటు. పోటీ నడిపే ఆయన వచ్చి, ఇక్కడ ఏ పావైనా పెట్టుకోవచ్చన్నాడు.

"మా తాతల కాడ్నించీ ఇలాగే ఆడతన్నామండి," అని బావ చాలాసేపు వాదించాడు. ఆయన వినలేదు. కాసేపటికి బావ రాజు చిక్కాడు.

బావ చెయ్యి కలపలేదు. చెప్పులేసుకుని విసురుగా రోడ్డెక్కాడు. నేను రొప్పుకుంటూ వెనకాలే వెళ్లాను. మొహం కందగడ్డ చేసుకుని నా వైపు తిరిగాడు.

"రేపు పొద్దున్నే అరుగు మీదకి రా. నీ సంగతి తేల్చేత్తాను."

"రేపు నాకు డయాలసిస్ బావా."

"సాకులు సెప్పకు," అన్నాడు.

జబ్బు పడ్డాక నన్నెవరూ అలా కసరలేదు. కాళ్లు లాగేస్తున్నా, ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది.