ఊటీ వెనకవైపు

రాజమణి పంతొమ్మిది సార్లు ఊటీకి వెళ్లింది. పడవలు తిరిగే చెరువు చూడలేదు. పూలతోట గేటు దాటలేదు. దొడ్డబెట్ట శిఖరం ఎటువైపు ఉందో చెయ్యెత్తి చూపగలదు గానీ, అక్కడ నిలబడి కిందికి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పలేదు. ఆమె టూరు బస్సులో వంటమనిషి.

హైదరాబాద్ మొఘల్‌పురాలో టూర్లు నడిపే ప్రేమ్‌రాజ్ వాళ్ల చిన్న బస్సు ఏటా ఎండాకాలంలో ఒకసారి కొండకు పోతుంది. పాతబస్తీ కుటుంబాలు ఎక్కుతాయి. వాళ్లకు చూసేది కొండైనా, తినేది ఇంటి పప్పూ తొక్కూ కావాలి. అందుకని బస్సు వెనక సీట్ల కింద బియ్యం, సిలిండర్లు, వంట వండే గంజులు కూడా ప్రయాణం చేస్తాయి. పొద్దున తొమ్మిదికి అందరూ చూడబోతారు, రెండింటికి ఆకలితో తిరిగొస్తారు. ఆ మధ్య అయిదు గంటలూ రాజమణి లాడ్జి వెనక రేకుల కింద పొయ్యి దగ్గర ఉంటుంది.

మొదటి ఏడు ఆమె చేసిన తప్పు ఇప్పటికీ మొఘల్‌పురా గల్లీల్లో చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో వండినట్టే కందిపప్పు గంజులో పోసి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు తొందరగానే మరిగాయి. పప్పు మాత్రం మూడు గంటలు ఉడికినా మెత్తబడలేదు. అంత ఎత్తులో నీళ్లు ఊరికే మరుగుతాయని, ఆ మరుగులో వేడి తక్కువని ఆమెకు అప్పుడు తెలియదు. "పప్పు గాదిది, కంకర," అన్నాడు ఒక పెద్దమనిషి పళ్లెం పక్కకు జరిపి. ఆ సాయంత్రం ఆమె లాడ్జి ఊడ్చే, తమిళం తప్ప రాని సెల్వి దగ్గరికి వెళ్లి, చేతులతో సైగలు చేసి అడిగింది. సెల్వి కూడా చేతులతోనే చెప్పింది. ముందునాడే నానబెట్టాలి, మూత మీద బరువు పెట్టాలి, కుళాయి నీళ్లు కాదు, ఊట నీళ్లు పొయ్యాలి. ఊట ఎక్కడుందో చూపించడానికి వెంట తీసుకుపోయింది.

లాడ్జి వెనక గల్లీ దిగి, పాత చర్చి గోడ పట్టుకుని నడిస్తే, నీలగిరి చెట్ల నీడలో రాతి తొట్టి. పక్కనే నాచు పట్టిన సమాధులు. పక్షులు తప్ప మనిషి అలికిడి లేదు. బిందె నిండేదాకా రాజమణి అక్కడ కూర్చుంది. తాను చర్చికి పోయే మనిషే గానీ, ఇంత నిమ్మళంగా ఉన్న సమాధుల తోట ఆమె ఎన్నడూ చూడలేదు.

అట్లా మొదలైంది. పాలు పల్చగా వస్తున్నాయని రెండో ఏడు పాల వ్యాను వెనక వెళ్లి, కొండ అంచున ఒకే వరసలో ఇళ్లున్న చిన్న ఊరు చూసింది. అక్కడి పాల సొసైటీ వెనక పొలం గట్టు మీద నిలబడితే మబ్బులు కాళ్ల కింద ఉంటాయి. కూరగాయల ధర మండుతోందని మరో ఏడు కూరగాయల ఆటో ఎక్కి లోయలోకి దిగింది. అక్కడ క్యారెట్లను గిర్రున తిరిగే పెద్ద పీపాల్లో పోసి కడుగుతారు. మట్టి రంగులో లోపలికి పోయినవి ఎర్రగా మెరుస్తూ బయట పడతాయి. పైన గట్టు మీద నుంచి చిన్న రైలు పోతుంది. ఇవన్నీ చూడడానికి వెళ్లిన చోట్లు కావు. పని మీద వెళ్లినవి. ఏటా లాడ్ బజార్‌లో ఒక డజను లక్క గాజులు కొని సెల్వికి పట్టుకుపోయేది. మాట అర్థం కాకపోయినా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇరవయ్యోసారి బస్సు బయలుదేరే ముందు రోజు ప్రేమ్‌రాజ్ ఆమెను పిలిచాడు. వాళ్ల నాన్న కాలం నుంచి పనిచేస్తున్న మనిషి కాబట్టి కుర్చీ వేసి మరీ చెప్పాడు.

"రాజమణక్కా, వచ్చే ఏడాది నుంచి పొయ్యి ఉండది. హోటల్ల మాట్లాడిన. గంజులు, సిలిండర్లు, గీ లొల్లి నాతోని అయితలేదు."

"మరి నేను?"

"గదే చెప్తున్న గదా అక్కా."

ఆమె లొల్లి పెట్టలేదు. జల్‌పల్లిలో అరవై గజాల ఇంటికి వెళ్లి భర్త డానియేలుకు చెప్పింది. నీళ్ల ట్యాంకరు నడిపే డానియేలు, "ఇంట్ల గుడ వంట ఉంది గదా," అన్నాడు ఓదార్పుగా. ఆమెకు అది ఓదార్పు అనిపించలేదు. పోయేది జీతం ఒక్కటే అయితే రెండు ఇళ్లలో వంటకు కుదిరితే సరిపోతుంది. పోయేది ఏమిటో ఆమె అతనికి మాటల్లో చెప్పలేకపోయింది.

ఊటీలో మొదటి రాత్రే ప్రేమ్‌రాజ్‌ను అడిగింది. "ఇరవై ఏండ్లు వచ్చిన తమ్మీ. రేపు ఒక్కనాడు నన్ను గుడ బస్సెక్కియ్యి. శిఖరం చూస్త."

"మరి అన్నం?"

"పులిహోర కలిపి పెట్టుకొస్త. అందరం అక్కడ్నే తిందం."

మర్నాడు ఆమె ఉతికిన చీర కట్టుకుని, డ్రైవర్ రామలింగం వెనక సీట్లో కూర్చుంది. పక్కన విమలాదేవి. ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్ల ఇంటి పెద్దావిడ, డెబ్బై దగ్గర పడింది, మోకాళ్ల నొప్పి, షుగరు. ఏటా వస్తుంది, ఏటా సగం చోట్ల బస్సు దిగదు.

శిఖరం దారిలో తొమ్మిదిన్నరకు బస్సు ఆగింది. ముందు కార్లు, వెనక కార్లు. పదకొండయినా మూడు మలుపులు దాటలేదు.

"మన మదీన సెంటర్ల ట్రాఫిక్‌ల ఆగినా గింత సేపు ఆగం," అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"అక్కడన్న చాయ్ దొరుకుతది."

"ప్రేమ్‌రాజ్, పైసలు తీస్కొని గీ కార్ల వెనక డిక్కీలు సూపిస్తున్నవా?"

ప్రేమ్‌రాజ్ ఫోన్లో మ్యాపు చూస్తున్నాడు. దారంతా ఎర్రగా ఉంది. అప్పుడు విమలాదేవి రాజమణి మోచేయి పట్టుకుని, చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది. ఆపుకోలేకపోతోంది. మందుల వల్ల. ఇంకో పావుగంట అంతే. పెద్దింటి మనిషి, రోడ్డు పక్కన కూర్చోలేదు, నలుగురిలో అడగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజమణి కిటికీలోంచి చూసింది. ఎడమవైపు సన్నటి రోడ్డు, మొదట్లో పాల క్యాన్లు పెట్టే సిమెంటు అరుగు. ఆ అరుగు ఆమెకు తెలుసు.

"రామలింగం, ఎడమకు తిప్పు."

"గా సందులకా? బండి ఇరుకుతదక్కా."

"పాల ట్యాంకరు రోజూ పోయొస్తది. సొసైటీ ముందట మలుపుకునే జాగ ఉంది. మన బండి దాన్కన్న చిన్నదే. ఎదురు బండొస్తే పాత తేయాకు మిల్లు కాడ ఆగు, అక్కడ ఎడల్పు ఉంటది. తిప్పు."

రామలింగం అద్దంలో ప్రేమ్‌రాజ్ వైపు చూశాడు. ప్రేమ్‌రాజ్ తల ఊపాడు. బస్సు తిరిగింది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా, గేరు తగ్గించి దింపాడు రామలింగం. అది చూసి రాజమణికి ధైర్యం వచ్చింది. ఏడు నిమిషాల్లో సొసైటీ వచ్చింది. లెక్కలు రాసే ఆయన రాజమణిని గుర్తుపట్టి, అడగకముందే బాత్రూం తాళం తీసి ఇచ్చాడు.

విమలాదేవి బయటికి వచ్చేసరికి మిగతావాళ్లు పొలం గట్టు మీద వరసగా నిలబడి ఉన్నారు. కింద మబ్బు విడిపోయి, ఎక్కడో అడుగున మైదానం పచ్చగా, చాపలా కనిపించి మళ్లీ మూసుకుపోయింది. బస్సులో వెనక నుంచి గొడవ పెట్టిన ఆయన చెప్పులు విడిచి గడ్డి మీద కూర్చున్నాడు. సొసైటీ వాళ్లు చిక్కటి చాయ్ కాచి ఇచ్చారు. పులిహోర అక్కడే తిన్నారు. మూడు గంటలు గడిచాయి. శిఖరం సంగతి ఎవరూ ఎత్తలేదు. రాజమణి కూడా ఎత్తలేదు.

"ఇసొంటి జాగలు ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగింది విమలాదేవి.

"ఉన్నయమ్మా. గాని చూసేటందుకు ఏముండది. క్యారెట్లు కడుగుతరు."

"గదే చూద్దం."

మిగిలిన రెండు రోజులూ అట్లాగే గడిచాయి. లోయలో విమలాదేవి కడిగిన క్యారెట్ ఒకటి చేతిలో పట్టుకుని గంటసేపు తింది. సమాధుల తోటలో అందరూ తమంతట తామే గొంతు తగ్గించారు. సెల్వి వచ్చి, కొత్త గాజులు వేసుకున్న చెయ్యి చూపించి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో కర్నూలు దాటాక ధాబా దగ్గర బస్సు ఆగింది. ప్రేమ్‌రాజ్ ఫోన్ పట్టుకుని వచ్చి రాజమణి ఎదుట కూర్చున్నాడు.

"అక్కా, గా మూడు జాగల పేర్లు చెప్పు. ఇంకేమన్న ఉంటే గవి గుడ. లొకేషన్లు పెట్టుకుంట. వచ్చే ఏడు అందర్నీ అటే తీస్కపోత."

రాజమణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. చెప్పడానికి అరనిమిషం పట్టదు. చెప్పాక ఏమవుతుందో కూడా ఆమెకు కనిపించింది. ఒక బస్సు, తర్వాత నాలుగు బస్సులు, సొసైటీ ఆయన బాత్రూంకు వేసే రెండో తాళం.

"పేర్లు నాకు తెల్వవు తమ్మీ. నిజంగనే తెల్వవు. అక్కడి మనుషులు తెలుసు."

"మ్యాపుల చూపియ్యి."

"మ్యాపుల గా తాళంచెయ్యి ఇచ్చే మనిషి ఉండడు. నన్ను తీస్కపోతే చూపిస్త. లేకుంటే లేదు."

"వంట లేకుంటే నిన్ను ఏమని తీస్కపోవాలె అక్కా?"

"గది నువ్వు ఆలోచించు."

పక్క బల్ల దగ్గర విమలాదేవి తల తిప్పకుండానే అంది, "మా వదినలు నలుగురున్నరు ప్రేమ్‌రాజ్, నడవలేనోళ్లు. రాజమణి వస్తనంటేనే పంపిస్త."

ప్రేమ్‌రాజ్ లేచి వెళ్లిపోయాడు. జూన్, జులై గడిచాయి. ఫోన్ రాలేదు. రాజమణి మొఘల్‌పురాలో రెండు ఇళ్లలో వంటకు కుదిరింది. తను చేసింది పొగరో, న్యాయమో అని ఒకటి రెండు సార్లు ఆలోచించింది. తేల్చుకోలేదు.

ఆగస్టు చివర ప్రేమ్‌రాజ్ ఫోన్ చేశాడు. దసరా సెలవులు అయిపోయాక, జనం తగ్గినప్పుడు ఒక ట్రిప్పు. పద్దెనిమిది మంది, అందరూ పెద్దవాళ్లే. శిఖరం లేదు, చెరువు లేదు.

"నీకు ముందట సీటు. జీతం పాతదే. పొయ్యి గియ్యి ఫికర్ లేదు, తిండి హోటల్ల. ఊకే కూసోని తొవ్వ చూపియ్యి."

ఇరవై ఏళ్లలో అంత సుఖమైన మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోబోయి ఆగింది. ఆ మూడు చోట్లూ ఆమెకు ఎలా దొరికాయి? పప్పు ఉడకక ఒకటి, పాలు బాగాలేక ఒకటి, కూరగాయలు కొనలేక ఒకటి. హోటల్లో కూర్చుని తిన్నదైతే ఏ ఒక్కటీ దొరికేది కాదు. చేతిలో బిందె లేకుండా ఆమె ఎవరి వాకిట్లోకి పోతుంది, ఏమని పలకరిస్తుంది? ఉన్న మూడింటినే తిప్పి తిప్పి చూపించాలి, అవి పాతబడేదాకా.

"పొయ్యి ఉండాలె తమ్మీ," అంది.

"ఏందక్కా నీ లొల్లి, సుఖంగ కూసోమంటుంటే."

"మూడు పూటలు వద్దు. పగటి అన్నం ఒక్కటే. పొయ్యి లేకుంటే నాకు కొత్త తొవ్వ దొరకది."

అటువైపు రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపించాయి. ప్రేమ్‌రాజ్ నిట్టూర్చాడు.

"సిలిండర్లు ఎన్ని పెట్టాలె మరి?"

"ఒక్కటి చాలు," అంది రాజమణి.