ముల్లు లేని కాలు

మా తాతగారి కాలంలో ఊరి చుట్టూ ఉన్న పొలమంతా మాదే. ఒక్కగానొక్క వారసురాలిగా నా చేతికి వచ్చేసరికి మిగిలింది అరెకరం మిరప, దాని పక్కన దున్నని ముళ్ల దిబ్బ. ఆ దిబ్బలో కముజు పిట్టలు గుడ్లు పెట్టేవి. ఎండలు ముదిరాక అక్కడ వేట కూడదన్నది మా ఇంటి కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉండేది: పెట్టను కొట్టినవాడు తన దీమం పిట్టను అక్కడికక్కడే వదిలెయ్యాలి. దీమం అంటే పంజరంలో పెంచిన పుంజు. అది కూస్తే బయటి పుంజులు పోట్లాటకు వస్తాయి, పొదచాటున కూర్చున్నవాడు కాలుస్తాడు.

ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. కల్లంలో మిరపకాయలు ఆరబోయిస్తుంటే దిబ్బలోంచి ఠప్పున చప్పుడైంది. వెళ్లి చూస్తే, మా పొలాలు కొన్న పత్తి వ్యాపారి. ఒక చేతిలో ఎయిర్ గన్, ఇంకో చేతిలో చచ్చిన పిట్ట. పక్కన పంజరం.

"ఈ దిబ్బ నాదండీ. పైగా ఇది గుడ్ల కాలం," అన్నాను.

"గుడ్లు పెట్టేది పెట్టలు గదమ్మా! నేను కొట్టింది పుంజుని. మా పిట్ట కూతకి పోట్లాటకొచ్చింది."

"కూతకి పెట్టలూ వస్తాయి. కాలు తడిమి చూడండి. పుంజుకైతే వెనక ముల్లుంటుంది."

తడిమాడు. కాలు నున్నగా ఉంది. నా వెనకే వచ్చిన కూలీ ఆడవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లలో ఒకామె అందుకుంది:

"దూది ముట్టుకుని రకం చెప్తారే షావుకారుగారూ, పుంజేదో పెట్టేదో తెలీలేదా!"

ఆయన ముఖం జేవురించింది. "పొలాలు పోయినా పొగరు పోలేదండీ మీ ఇంట్లో."

"పొలాలు అమ్మాం. అది అమ్మలేదు."

పంజరం తలుపు ఎత్తాను.

"ముట్టుకోకండి! స్టేషన్లో కేసు పెడతా."

"పదండి, ఇద్దరం కలిసే వెళ్దాం. కముజుని కాల్చడం, పంజరంలో పెట్టడం, రెండూ నేరమే. ఆ చచ్చినదాన్ని కూడా పట్టుకురండి."

ఆయన కదల్లేదు. దీమం పిట్ట కూడా కాసేపు కదల్లేదు. తర్వాత మెడ బయటపెట్టి అటూ ఇటూ చూసి, తాపీగా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది. ఖాళీ పంజరం ఆయన చేతికిచ్చాను.

ఆ ముళ్లు కొట్టించి పత్తి వేసుకోరాదా అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. వెయ్యను. వేసవి పొద్దున ఆ దిబ్బ మీద పుంజులు ఒకదానికొకటి తీసిపోకుండా కూస్తాయి. వినాలనుకుంటే ఎవరైనా రావచ్చు. తుపాకీతో వచ్చేవాళ్లు మాత్రం ముందు నా గడప దగ్గర ఆగాలి.