పెట్రాలో నా బడి పుట్టినరోజు

నేను ఉదయగిరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యాను. పోయిన ఏడాది మా చర్చి వాళ్లతో జోర్డాన్ వెళ్లినప్పుడు, కొండల్ని తొలిచి కట్టిన పెట్రా అనే పురాతన నగరం చూడబోయాం. టికెట్ కౌంటర్లో ఆఫీసరు నా పాస్‌పోర్టు చూసి నవ్వుతూ "హ్యాపీ బర్త్‌డే!" అన్నాడు.

"ఈరోజు నా పుట్టినరోజు కాదండీ" అన్నాను ఇంగ్లీషులో, ఠక్కున.

ఆయన నవ్వు ఆగిపోయింది. పాస్‌పోర్టులో ఫొటోనీ, నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "మరి ఎప్పుడు?"

"తెలియదు" అన్నాను. అదీ నిజమే. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో పుట్టినానని మాత్రమే అమ్మ చెప్పేది. పాస్‌పోర్టులో ఉన్న జులై ఒకటి, బడిలో చేర్చుకున్న అయ్యవారు రాసుకున్న తేదీ.

ఆయన ఇంకో ఆఫీసర్ని పిలిచాడు. వెనక నిలబడ్డ మా చర్చి సుగుణక్క నన్ను గిల్లింది.

"ఏంది మే నువ్వు! అవునని చెప్పి రాగూడదా?"

"కానిదాన్ని అవునని ఎట్ట చెప్పేదక్కా?"

మా గైడు వచ్చి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వి నన్ను వదిలేశారు. ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. లోపల ఆ ఎర్రరాతి కట్టడం ముందు మావాళ్లంతా బర్త్‌డే పాట పాడుతుంటే, ఎవరికో అన్నట్టు నేనూ చప్పట్లు కొట్టాను.

తేదీ తెలియని పిల్లలందరికీ అడ్మిషన్ రిజిస్టర్లో నేనూ జులై ఒకటే రాశాను. వాళ్లు ఇప్పుడు ఏ దేశంలో, ఏ కౌంటర్ ముందు తెల్లమొహం వేసుకుని నిలబడి ఉన్నారో!