పొగ లెక్క

జిల్లా కార్యాలయంలో అతన్ని అందరూ పొగ గుమాస్తా అనేవారు. జన్మలో బీడీ ముట్టని మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. జనాభా లెక్కలకు వెళ్ళినప్పుడు ఆ మహానుభావుడు గుట్టమీది ఊళ్ళకు ఎక్కేవాడు కాదు. పొద్దున్నే వాగు ఒడ్డున బండమీద తీరిగ్గా చతికిలబడి, ఎన్ని కప్పుల మీద పొగ లేస్తోందో చూసి, పొయ్యికి అయిదుగురు చొప్పున వేసేసేవాడు. "కాళ్ళరిగేలా తిరగడానికి మనకేమన్నా పిచ్చా?" అంటూ కొత్తగా చేరినవాళ్ళకు కూడా ఈ విద్య నేర్పాడు. అంకెలు గడువులోగా అందితే చాలు పై అధికారులకు. అలా అతని ఆట చాలాకాలం సాగింది.

కిందటిసారి చివరి ఊళ్ళో మూడే పొగలు లేచాయి. జనం ఏ పనులకో వలసపోయి ఉంటారని తనకు తానే సర్దిచెప్పుకుని పదిహేనుమందిని రాసి పారేశాడు. పదిహేనుమందికి నర్సెందుకని జిల్లా తేల్చేసింది. ఆవిణ్ణి అక్కడినుంచి తీసేసే ఉత్తర్వు చేతికి ఇచ్చిరమ్మని, చివరికి అతన్నే పంపారు.

ఈసారి ఎక్కక తప్పలేదు. రొప్పుకుంటూ పైకి చేరేసరికి వీధికి రెండువైపులా ఇళ్ళు, అరుగులమీద ముసలివాళ్ళు, గోడలెక్కిన పిల్లలు. చూసినకొద్దీ జనమే.

అతని చేతిలో సర్కారు కాగితాలు చూసి, "లెక్కల బాబు వచ్చాడు!" అంటూ ఊళ్ళో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేశారు. నిండు నెలల కోడలుపిల్ల ఒకతె మంచినీళ్ళు తెచ్చింది. వెనకే ఆమె అత్తగారు చేతులు జోడించుకుని వచ్చింది.

"ముందు మమ్మల్ని క్షమించు బాబూ. పోయినసారి లెక్కలకు నువ్వొస్తావన్న రోజే మా ఆయన పోయాడు. ఊరంతా మా ఇంటి దగ్గరే ఉంది. ఎవరూ పొయ్యి వెలిగించుకోలేదు. మూడిళ్ళవాళ్ళు అందరికీ కలిపి వండారు. పాపం, ఇంత గుట్టా ఎక్కొచ్చి, తాళాలు చూసి తిరిగెళ్ళిపోయుంటావు. మావల్లే ఇప్పుడు నర్సమ్మని తీసేస్తున్నారంట. ఈ పిల్లకి నొప్పులొస్తే ఎవరు దిక్కు? ఇప్పుడన్నా మమ్మల్ని లెక్కపెట్టు నాయనా."

అతనికి తల కొట్టేసినట్టయింది. తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చున్నాడు, చెయ్యనిది చేతులు జోడిస్తోంది. అవునమ్మా, వచ్చాను, ఎవరూ కనబడలేదు అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ముసలమ్మ నమ్మేది, పైగా మరోసారి క్షమాపణ చెప్పుకునేది. కోడలుపిల్ల ఖాళీ గ్లాసు కోసం ఎదురుగా నిలబడే ఉంది. ఆమె మొహంలోకి చూడలేక అతను తలదించుకున్నాడు.

"నేను రాలేదమ్మా," అన్నాడు. "కింద వాగు దగ్గరే కూర్చుని, పొగ చూసి రాసుకున్నాను."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ముసలమ్మ వీధి చివరిదాకా నడిచి కిందికి చూసింది. వాగు, ఒడ్డున బండ, బండమీద ఆరేసిన ఎవరివో బట్టలు స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఆ బండ దగ్గర్నుంచా?" అంది. "ఒక్క కేక వెయ్యకపోయావా బాబూ? ఎవరో ఒకరం దిగొచ్చేవాళ్ళం."